రెండు కొసల ముడి

మూడో అంతస్తు, పడమటి వాటా
మార్చి 6

మామయ్యకు,

నీ వసపిట్ట నమస్కారాలు. ఫోను చేస్తే గీమనే మోత తప్ప నీ చెవికి ఏమీ ఎక్కదంటావు కాబట్టి ఇదిగో, కాగితం కలం పట్టాను. చిన్నప్పుడు కాపీ రాయమంటే కడుపునొప్పి తెచ్చుకున్న పిల్ల నీ కోసం పేజీలు నింపుతోంది, చూసుకుని మురిసిపో.

ఇల్లు మారాం. రెండు గదులు, వంటిల్లు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ రెండు కిటికీలూ నా ప్రాణం తోడేస్తున్నాయి. నీకు తెలుసుగా, ఈయనకి బేకరీలో రాత్రి డ్యూటీ. పొద్దున ఏడింటికి కనుబొమల దాకా పిండితో వచ్చి పడుకుంటారు. గది చీకటిగా లేకపోతే కునుకు పట్టదు. కునుకు లేకపోతే ఆ ఓవెన్ల దగ్గర ఏ చెయ్యి కాల్చుకుంటారోనని నా భయం. మా పిల్ల పిడుగుకి ఎనిమిదో నెల. అదీ తండ్రి పోలికే, మధ్యాహ్నం చీకటుంటేనే పడుకుంటుంది.

పాతవాళ్లు వదిలేసి పోయిన బ్లైండ్లు ఉన్నాయి. ముందు గదిలోది గుడ్డ చుట్టుకునే రకం. లాగితే కిందికి వస్తుంది, పైకి మాత్రం పోదు. ముసలి కుక్క నాలుకలా వేలాడుతుంది. పడకగదిలోది పలకల రకం. తాళ్లు లాగితే ఒక పక్క లేస్తుంది, రెండో పక్క అలిగి కూర్చుంటుంది. ఇంటాయన్ని అడిగితే "కర్టెన్ వేసుకోండమ్మా" అని తేల్చేశారు. ఇరవై ఏళ్లు ఇదే పని చేసిన మామయ్యని పెట్టుకుని నేను కర్టెన్ వేసుకోవాలా? ఏం చెయ్యాలో రాయి.

వసపిట్ట


మందుల షాపు పక్క గది
మార్చి 12

వసపిట్టకు మామయ్య ఆశీస్సులు.

పని మానేసి పన్నెండేళ్లయినా నీ ఉత్తరం చదవగానే చేతులు దురదపెట్టాయి.

ముందు గుడ్డది చూద్దాం. దాని గొట్టంలో స్ప్రింగు ఉంటుంది. అందులో బిగువు పోయింది, అంతకంటే రోగం లేదు. గుడ్డని సగం దాకా కిందికి లాగు. గొట్టాన్ని రెండు పక్కలా ఊడదీసి, గుడ్డని చేత్తో పూర్తిగా చుట్టేసి మళ్లీ తగిలించు. ఇంకా బద్ధకిస్తే ఇంకోసారి అలాగే చెయ్యి. అత్యాశకి పోయి నాలుగైదు సార్లు చేశావనుకో, పట్టు వదలగానే తుపాకీ పేలినట్టు పైకి ఎగిరి పిడుగుని లేపేస్తుంది. అప్పుడు చుట్టి ఉండగానే ఊడదీసి, కొంచెం విప్పి తగిలించాలి. లాగిన చోట నిలబడకపోతే గొట్టం చివరి పళ్లలో దుమ్ము పట్టిందన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో దులుపు. నూనె మాత్రం పొయ్యకు. దుమ్ముకి నూనె అంటే ఈగకి బెల్లమే.

పలకల దాని సంగతి. పై పట్టీలో తాళ్లని కరిచి పట్టుకునే బిళ్ల ఉంటుంది. తాళ్లని ఏటవాలుగా, కిటికీ మధ్యకి లాగితే అది పట్టు వదులుతుంది. అలిగిన పక్క తాడుని విడిగా పట్టుకుని, అడుగు పట్టీ సమానంగా వచ్చేదాకా లాగు. తర్వాత రెండూ కలిపి నెమ్మదిగా వదులు.

ఒక్క మాట. ఆ రెండు తాళ్ల కొసలనీ కలిపి ముడి వెయ్యొద్దు. వాటి మానాన వాటిని విడిగా ఉండనివ్వు. కలిపి ముడివేస్తే తాడు త్వరగా అరిగిపోతుంది.

పిడుగు మంచం ఏ గోడకి వేశారు? కిటికీ వైపు కాదు కదా? ఎండ తగిలితే జలుబు చేస్తుంది.

మామయ్య


మూడో అంతస్తు, పడమటి వాటా
ఏప్రిల్ 20

మామయ్యా,

నీ చేతి వాసి కాగితం మీద కూడా పనిచేస్తుంది! గుడ్డ బ్లైండ్ ఇప్పుడు చెప్పిన మాట వింటోంది. మొదటిసారి నువ్వన్నట్టే అత్యాశకి పోయాను. అది ఢామ్మని ఎగిరితే కింద వాటా ఆవిడ సిలిండర్ పేలిందనుకుని మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చింది.

పలకలది మూడు రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొదటికొచ్చింది. తాళ్లలో ఒకటి పదే పదే బీరువా వెనక్కి జారిపోతోంది. నిద్రలో లేచి దాన్ని వెతుక్కోలేక ఈయన విసుగెత్తిపోయి రెండు కొసలూ కలిపి ముడేసేశారు. ఇప్పుడు ఒక్క లాగుకే సమంగా లేస్తుంది. పడుకున్న చోటి నుంచే అందుతుంది కూడా. తాడు అరిగిపోతుందన్నావు, గుర్తుంది. అరిగితే అరిగింది, కొత్తది వేసుకుందాం.

ఎండ తగిలితే జలుబు చేస్తుందని ఏ వైద్యుడు చెప్పాడు నీకు? అయినా దాని మంచం అవతలి గోడకే ఉంది, బెంగపడకు. అది ఇప్పుడు పాకుతోంది. ఇల్లంతా దాని సామ్రాజ్యమే.

మొన్న అమ్మని అడిగాను, అంత మంచి పని చేతిలో ఉండగా మామయ్య ఎందుకు మానేశాడని. "వాణ్ణి మాత్రం అడగకు" అని పొయ్యి వైపు తిరిగిపోయింది. అడగొద్దంటే ఆగే మనిషినా నేను? ఎందుకు మానేశావ్?

వసపిట్ట


మందుల షాపు పక్క గది
మే 2

వసపిట్టకు,

అల్లుడుగారికి నా మాటగా చెప్పు, ఆ ముడి విప్పెయ్యమని. వేలాడే తాడు చూడటానికి బాగోదు. దాన్ని పైకి చుట్టి పెట్టుకోవాలి. కొక్కేలు రెండు పార్సిల్‌లో పంపుతున్నాను. గోడకి మీ తల ఎత్తు కంటే పైన బిగించండి. మరమేకులు కూడా పెట్టాను. తాడుని వాటి మీద ఎనిమిది అంకెలా చుడితే జారదు.

పని మానేసింది చెవుల వల్ల. అల్యూమినియం కోసే మిషను పక్కన ఇరవై ఏళ్లు నిలబడితే ఎవరి చెవులైనా పోతాయి. మీ అమ్మని ఇంకేమీ అడగొద్దు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మందుల షాపాయన కొత్త ఫ్యాను కొన్నాడు. అది తిరగడానికి ముందు దగ్గుతుంది, ఆయన దానికే మందు వేస్తే బాగుండు.

కొక్కేలు అందగానే బిగించి నాకు రాయి. మర్చిపోకు.

మామయ్య


మూడో అంతస్తు, పడమటి వాటా
జులై 3

మామయ్యా,

రాయడం ఆలస్యమైంది, తిట్టుకోకు. వానలు మొదలయ్యాక మా ఇంటి బండారం బయటపడింది. పిడుగు మంచం ఉన్న గోడ పైనుంచి కిందిదాకా చెమ్మ. చెయ్యి పెడితే తడి అంటుతోంది. పిల్లకి నిజంగానే జలుబు చేసింది, ఎండ వల్ల మాత్రం కాదు! అందుకని మంచాన్ని కిటికీ కిందికి మార్చాం. ఈ గదిలో పొడిగా ఉన్న గోడ అదొక్కటే.

కొక్కేలు అందాయి. నున్నగా, ముద్దుగా ఉన్నాయి. కానీ గోడకి చిల్లు పెడితే ఊరుకోనని ఇంటాయన ముందే చెప్పారు. సొరుగులో దాచాను. సొంతిల్లు కట్టుకున్నప్పుడు వాడతాంలే.

పిడుగు నిలబడుతోంది మామయ్యా! మంచం కమ్మీ పట్టుకుని లేచి, మునివేళ్ల మీద సాగి, ఆ తాడు అందుకుంటుంది. లాగితే పలకలు గలగలలాడతాయి. దానికదే నవ్వుకుంటుంది. పొద్దున లేచింది మొదలు అదే ఆట. నేను వంటింట్లో ఉన్నా ఆ గలగల వినపడితే పిల్ల లేచిందని తెలిసిపోతుంది. వేరే గంట ఎందుకు?

నీ దగ్గర్నుంచి ఈ మధ్య జోకులు తగ్గాయి. ఒంట్లో బాగుంటోందా?

వసపిట్ట


మందుల షాపు పక్క గది
జులై 11

అమ్మాయికి,

ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్లి ఆ తాడు కోసెయ్యి. ముడికి పైన, నీ చెయ్యి అందినంత ఎత్తులో, కత్తెరతో. బ్లైండ్ పాడైతే పాడైంది. మంచం అక్కణ్ణుంచి తీసెయ్యి. గోడ తడిగా ఉంటే పిల్లని మీ మధ్య పడుకోబెట్టుకోండి.

ఎందుకని అడక్కు. కోసెయ్యి.

మామయ్య


మూడో అంతస్తు, పడమటి వాటా
జులై 14

మామయ్య గారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఒక రోజు ఆలస్యంగా.

మొన్న మధ్యాహ్నం పాప నిద్రపోతోందని నేను వీధి చివరికి పాల కోసం వెళ్లాను. ఈయన పక్కనే మంచం మీద ఒళ్లు తెలియకుండా పడుకున్నారు. పాప లేచి నిలబడింది. తాడుతో ఆడుకుంది. ఆ ముడికి పైన, రెండు తాళ్ల మధ్య ఉన్న ఉచ్చులో తల పెట్టి, అలాగే కూర్చోబోయింది. ఏడుపు లేదు. ఆ తాడు ఏడవనివ్వదు. ఈయనకి మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు. పలకలు వంకరై, ఆ సందులోంచి ఎండ కళ్ల మీద పడింది. విసుక్కుని అటు తిరిగి చూశారట.

నేను వచ్చేసరికి ఈయన పాపని భుజాన వేసుకుని గది మధ్యలో నిలబడి ఉన్నారు. తాడు పళ్లతో కొరికారు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది, అది కూడా ఆయనకి తెలియలేదు. ఆస్పత్రిలో రాత్రంతా ఉంచుకుని పంపారు. బతికింది. గొంతు బొంగురు పోయింది. మెడ చుట్టూ ఎర్రగా ఒక గీత ఉంది.

ఇప్పుడు మీరు నాకు చెప్పాలి. తాడు అరిగిపోతుందన్నారు. చూడటానికి బాగోదన్నారు. ఎండ తగిలితే జలుబన్నారు. మీకు ముందు నుంచీ తెలుసు. తెలిసే ఈ కుంటిసాకులన్నీ రాశారు. నేను రాసింది మూడో తారీఖున. మీకు ఆరుకల్లా అంది ఉంటుంది. పదకొండు దాకా ఏం చేశారు?

ఈయన డ్యూటీకి వెళ్లడం లేదు. "ముడేసింది నేనే కదా" అంటారు. రోజంతా అదే మాట.


మందుల షాపు పక్క గది
జులై 18

అమ్మాయికి,

పాప బతికిందన్న వాక్యం దాకా చదివి ఉత్తరం మడిచేశాను. మిగతాది మర్నాడు చదివాను.

ఆ అయిదు రోజులూ ఏం చేశానని అడిగావు. ఆరో తారీఖునే రాయడానికి కూర్చున్నాను. ఎందుకో చెప్పకపోతే నువ్వు నవ్వి పక్కన పెట్టేస్తావని నాకు తెలుసు. ఎందుకో రాయబోతే చెయ్యి సాగలేదు. రోజుకో కాగితం చింపాను. గోడ అవతలే మందుల షాపాయన ఉన్నాడు. ఆయన చేత నీకు ఫోను చేయించడం రెండు నిమిషాల పని. "ఎందుకండీ?" అని అడుగుతాడని చేయించలేదు. ఇదీ నేను చేసింది.

ఇక ఆ "ఎందుకు" రాస్తాను.

పన్నెండేళ్ల కిందట ఒక టైలరమ్మ ఇంట్లో పలకల బ్లైండ్ బిగించాను. చిన్న ఇల్లు. కుట్టు మిషను, బాబు మంచం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. బాబుకి ఏడాదిన్నర. నేను పని చేస్తుంటే నా టేపు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. తాళ్ల కొసలకి విడివిడిగా రెండు చిన్న ప్లాస్టిక్ గుల్లలు తగిలించాలి. ఒక గుల్ల నా చేతిలోనే పగిలింది. పెట్టెలో ఇంకోటి లేదు. "రేపు తెచ్చి వేస్తానమ్మా" అని చెప్పి, అప్పటికి రెండు కొసలూ కలిపి ముడేసి వచ్చాను. అలా వెయ్యకూడదని నాకు తెలుసు. పనిలో చేరిన మొదటి వారంలోనే చెప్పారు. రేపటికి మర్చిపోయాను. ఎల్లుండి కూడా మర్చిపోయాను.

పంతొమ్మిదో రోజున ఆవిడ ముందు వాకిట్లో ఎవరికో కొలతలు తీసుకుంటోంది. అయిదు నిమిషాలు కూడా కాలేదట.

పోలీసాయన షాపుకి వచ్చి అడిగాడు, "ఈ ముడి మీరు వేసిందేనా?" అని. యజమాని నా వైపు చూశాడు. నేను, "మేం విడిగానే వదిలాం సార్. వాళ్లు కట్టుకుని ఉంటారు" అన్నాను. ఆ ముక్క రాసుకుని వెళ్లిపోయాడు.

పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానపడతారని వెళ్లాను. ఆవిడ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. అప్పటికింకా నా చెవులు బాగానే పనిచేసేవి. "పొద్దస్తమానం దారం ముడేసే చేతులు. ఎప్పుడు వేశానో నాకే తెలియలేదు. నేనే వేసి ఉంటాను" అంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు. నేనూ విన్నాను. విని, మంచినీళ్లు తాగి వచ్చేశాను.

రెండో ఏడు ఆయన ఆవిణ్ణి వదిలి వెళ్లిపోయాడని తెలిసింది. నేను పని మానేసింది చెవుల వల్ల కాదు. మీ అమ్మకి సగమే తెలుసు, బాబు పోయాడని. ముడి సంగతి తెలియదు. ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అల్లుడుగారి తప్పేమీ లేదని చెప్పు. అసలు కారణం నేను రాసి ఉంటే ఆయన ఆ ముడి వేసి ఉండేవారు కాదు.

మామయ్య


మూడో అంతస్తు, పడమటి వాటా
ఆగస్టు 2

మామయ్య గారికి,

మీ ఉత్తరం నిన్న ఈయనకి చదివి వినిపించాను. తర్వాత లేచి స్నానం చేసి డ్యూటీకి వెళ్లారు. ఇరవై రోజుల తర్వాత.

మీకు అర్థమవుతోందా? ఒక్క ఉత్తరం. చదివితే పది నిమిషాలు పట్టింది. దాంతో మా ఇంట్లో మనిషి లేచి నిలబడ్డారు. "నేనే ముడేశాను" అని ఈయన అన్నది నిజం. ఆ టైలరమ్మ అంటున్నది నిజం కూడా కాదు. పన్నెండేళ్లుగా అంటూనే ఉంది.

మొదట మీకు ఇక రాయకూడదనుకున్నాను. పాప మెడ మీది గీత చూసినప్పుడల్లా అదే అనుకున్నాను. గీత మాసిపోయింది. అయినా రాత్రి పక్కన చెయ్యి వేసి ఊపిరి చూసుకోకుండా నాకు నిద్ర పట్టదు. నా పిల్ల నా పక్కన ఉంది. ఆవిడ దేని మీద చెయ్యి వేసుకుంటుంది?

వెళ్లి చెప్పండి. ఉత్తరం రాయొద్దు, మనిషిని పంపొద్దు. మీరే వెళ్లండి. కొడుతుందో, కేసు పెడుతుందో, అది ఆవిడ ఇష్టం. వెళ్లి వచ్చాక నాకు రాయండి. వెళ్లకపోతే రాయొద్దు. ఇంత మాట మిమ్మల్ని అనాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మీ మేనకోడలు


మందుల షాపు పక్క గది
సెప్టెంబర్ 9

అమ్మాయికి,

ఈ రోజు వెళ్లాను. నెల పైన ఎందుకు పట్టిందని అడుగుతావేమో. ఆ వీధి మొదటి దాకా మూడుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను.

అదే ఇల్లు. ఆ కిటికీకి ఇప్పుడు బ్లైండ్ లేదు, కర్టెన్ లేదు, ఏమీ లేదు. పదకొండు గంటల ఎండ తిన్నగా మిషను మీద పడుతోంది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసి, "ప్యాంటు కురచ చెయ్యాలా?" అంది. గుర్తుపట్టలేదు. జుట్టంతా నెరిసిపోయింది. నాకంటే పదేళ్లు చిన్నది.

నేను ఎవరో చెప్పాను. బ్లైండ్ బిగించినవాణ్ణి అన్నాను. మిషను మీద చెయ్యి తీసేసింది. మిగతాది నిలబడే చెప్పాను. గుల్ల పగలడం, రేపు వేస్తాననడం, ముడి, పోలీసాయనతో చెప్పిన అబద్ధం. ఆవిడ ఏదో అంది. నాకు వినపడలేదు. "ఏమన్నావమ్మా? చెవులు సరిగా లేవు" అని అడగాల్సి వచ్చింది. అంత నెమ్మదిగా అన్న మాటని నా కోసం గట్టిగా అరిచి చెప్పింది.

"మళ్లీ చెప్పండి!"

మళ్లీ చెప్పాను. ఈసారి కళ్లు మూసుకుని వింది.

తర్వాత డబ్బాలోంచి రెండు మూరల నాడా తీసి నా చేతిలో పెట్టింది. "ఎలా వేశారో వెయ్యండి" అంది. ఇరవై ఏళ్లు తాళ్లు పట్టిన చెయ్యి, అదే ముడి వేసింది. రెండు కొసలూ కలిపి వేలికి చుట్టి, లోపల్నుంచి తీసి బిగించడం. అది తీసుకుని ఎండలో పట్టుకుని చూసింది. ఇంకో నాడా తీసి తన ముడి తను వేసింది. రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టింది. ఆవిడది చదునుగా, గుండీ కింద దాగిపోయేలా ఉంది. నాది ఉబ్బెత్తుగా, గడ్డలా ఉంది.

"నేను ఇలాంటి ముడి జన్మలో వెయ్యలేదు" అంది. "ఆ రోజు తాడు కోసి పట్టుకుపోయారు. ఒక్కరైనా నాకు చూపించలేదు. చూపించి ఉంటే అప్పుడే తెలిసేది."

తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. ఆ రెండు నాడాలనీ జేబు రుమాల్లో మడిచి, తాళం తీసుకుని, "పదండి" అంది. ఎక్కడికని అడగలేదు.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ కూర్చోలేదు. రాడ్డు పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? దిగాక నడిచాం. ఒక మేడ వెనక చిన్న గది. తలుపు తీసిన మనిషిని నేను గుర్తుపట్టాను. ఆ డ్రైవరే. ఆవిణ్ణి చూసి తలుపు రెక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఈయన ఒక సంగతి చెబుతాడు. విను. నేను బయట ఉంటాను" అంది ఆవిడ.

మూడోసారి చెప్పాను. విన్నంతసేపూ ఆయన నా మొహంకేసి చూడలేదు, తలుపుకేసి చూశాడు. అయిపోయాక లేచి, నన్ను దాటుకుని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి ఇద్దరూ కనపడ్డారు. మెట్ల మీద, ఆవిడ పైమెట్టు, ఆయన కిందిమెట్టు. ఆవిడ రుమాలు విప్పి చూపించింది. ఆయన చూశాడు. చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ కూర్చోలేదు. చెయ్యి కూడా వెయ్యలేదు.

నన్ను ఎవరూ వెళ్లమనలేదు. ఆ గదిలో ఒక్కణ్ణే గంట పైన కూర్చున్నాను. చివరికి ఆవిడ గుమ్మంలోకి వచ్చి, నాకు వినపడాలని ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. "రేపు. పది గంటలకి. పోలీస్ స్టేషన్. ఇదంతా మీరు అక్కడ రాసివ్వాలి."

"క్షమించమ్మా" అనబోయాను. చెయ్యెత్తి ఆపేసింది.

అల్లుడుగారు డ్యూటీకి వెళ్తున్నందుకు సంతోషం. పాపకి నా ముద్దులు చెప్పమని అడిగే మొహం లేదు. ఇది పోస్టులో వేసి పడుకుంటాను. రేపు తొమ్మిదింటికల్లా అక్కడ ఉంటాను.

మామయ్య